వేడి తాగే తొట్టి

మైనం తొట్టికి ఆకలి పెరిగిందన్న సంగతి ముందు కనిపెట్టింది అత్తగారే. కానీ పైకి అనలేదు. కొన్ని సంగతులు నోటితో అంటే నిజమై కూర్చుంటాయని ఆమె భయం. అసలు ఆమెకు భయపడటానికి కారణం అక్కర్లేదు. కోడలు సంత నుంచి రావడం కాస్త ఆలస్యమైతే గేటు దాకా నాలుగుసార్లు నడిచొచ్చే మనిషి.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది ఆ తొట్టి. ఛాతీ ఎత్తు ఇనప తొట్టి, చుట్టూ మందంగా చుట్టిన గోనెపట్టాలు, అడుగున కరెంటు హీటరు, పక్కన గడియారంలాంటి థర్మామీటరు, కింద ఇత్తడి కుళాయి. గోడవారన కొవ్వొత్తుల అచ్చులు బారులు తీరి ఉంటాయి. ఒకప్పుడు తొట్టి కింద కట్టెల మంట ఉండేది. ఆ పొగ మింగలేక కొడుకే దాన్ని తీసేసి హీటరు బిగించాడు. బిగించి, ఎంత మైనానికి ఎంత వేడి కావాలో, ఎంతసేపు పడుతుందో లెక్కకట్టి మరీ చెప్పాడు. చెప్పినట్టే జరిగింది. ఆ రోజు తల్లి నవ్వి, "తొట్టికి కూడా జాతకం రాశావురా" అంది.

పోయిన చలికాలంలో కొడుకు పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. నిలువెత్తు మనిషి ఆసుపత్రి మంచం మీద పీచులా అయిపోయాడు. ఎన్ని దుప్పట్లు కప్పినా "చలేస్తోందమ్మా" అనేవాడు. పోయాక వాణ్ణి పెట్టిన చల్లటి గదిలో ఆమె వాడి పాదం పట్టుకుంది. ఆ చల్లదనం ఆమె అరచేతిలో ఉండిపోయింది. వేణ్ణీళ్ళలో పెట్టినా, పొయ్యి దగ్గర కాచుకున్నా పోలేదు.

ఆ తొట్టికి ఒక నియమం ఉంది. మైనమంతా ఎప్పుడూ తియ్యకూడదు. అడుగున నాలుగు వేళ్ళ మందం వదిలేయాలి. లేకపోతే హీటరు గాలికి బయటపడి మాడిపోతుంది. దాన్ని అడుగు మైనం అంటారు. దాని మీదే మర్నాడు కొత్త మైనం వేస్తారు. కొడుకు పోయాక మొదటిసారి పని మొదలుపెట్టిన రోజున, సాయంత్రం కుళాయి కట్టేటప్పుడు ఆమె చెయ్యి ఆగింది. అడుగున ఉన్నది వాడు కరిగించిన మైనం. ఆఖరిది. నాలుగు వేళ్ళు మిగలాల్సింది, కాస్త ముందే కట్టేసింది. మర్నాడూ అంతే. ఆలస్యంగా వచ్చే పిల్లాడికి అన్నం మీద మూతపెట్టి ఉంచినట్టు, రోజూ ఒక చెంబెడు. ఒక్కోసారి చెంబు కూడా ఉండదు. చెంబెడు మైనం ఎవరికి కనపడుతుంది? తొట్టి నింపేది ఆమే, మూత వేసేది ఆమే. కోడలు అచ్చులూ, దుకాణాలూ చూసుకుంటుంది.

ఆమె తెల్లవారుతూనే స్విచ్చు వేసి, తొట్టి పక్కన ముక్కాలి పీట మీద కూర్చునేది. ముల్లు ఇరవై దగ్గర మొదలై అరవై దాకా నడిచి అక్కడ నిలబడిపోయేది. అలా నిలబడటం కొత్త కాదు. "గట్టిగా ఉన్నది కరగాలంటే వేడి తాగుతుందమ్మా. తాగినట్టు ముల్లుకి చెప్పదు. దొంగ తిండి" అని కొడుకే అప్పట్లో చెప్పాడు. కానీ ఇప్పుడు అది నిలబడే తీరు వేరు. షెడ్డులో పనిచేసే వత్తమ్మ వచ్చే వేళకి మైనం కరిగి ఉండాల్సింది, ముల్లు ఇంకా అరవై దగ్గరే బిక్కమొహం వేసుకుని ఉండేది. కింద హీటరు బుసకొడుతూనే ఉండేది. వేడి లోపలికి పోతోంది. పోయి ఎవరికి చేరుతోంది?

ఆమెకు ఒక్కటే తోచింది. తోచగానే ఒళ్ళు జలదరించింది, ఆ వెంటనే కడుపు చల్లబడింది. వాడికి చలెక్కువ.

అప్పటినుంచి ఆమె తొట్టికి చెవి ఆనించి మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. "కాచుకో నాన్నా. తొందరేం లేదు. వత్తమ్మ అరిస్తే అరవనీ."

వత్తమ్మ అరిచేది. అచ్చుల్లో మైనం పోసే మనిషి, సన్నగా నిటారుగా ఉంటుంది. నిప్పు తగిలితే చాలు, నెత్తిమీద మంట. అసలు పేరు అందరూ మర్చిపోయారు, ఆమెతో సహా.

"ఏం పెద్దమ్మా, తొట్టి ఇవాళ కూడా నిద్ర లేవలేదా?" అంది ఒక పొద్దున, కొంగు నడుముకి దోపుకుంటూ.

"లేస్తుందిలే, కూర్చో."

"కూర్చునే పనైతే మా ఇంట్లో కూర్చుందును కదా. అక్కడైతే మా అత్త తిట్టే తిట్లయినా వేడిగా ఉంటాయి."

కోడలు అచ్చుల్లో వత్తులు బిగిస్తూ విన్నది. నవ్వలేదు. స్విచ్చు వేసి మూడు గంటలు కావస్తే గానీ మైనం పోతకి రావడం లేదు. పోత ఆలస్యమైతే చల్లారడం ఆలస్యం, అచ్చులు విప్పడం ఆలస్యం. రోజుకి రెండు వరసలు తీసే షెడ్డు ఒక్క వరసతో సరిపెట్టుకుంటోంది. దుకాణాలవాళ్ళు వేరేవాళ్ళ దగ్గరికి పోతున్నారు.

ఆ మధ్యాహ్నం కోడలు సంగతి తేల్చి చెప్పింది. పొరుగూళ్ళో పెద్ద కొవ్వొత్తుల కార్ఖానా ఉంది. అచ్చుల పని చూసుకోవడానికి రమ్మని వాళ్ళు అడుగుతున్నారు. ఈ వారంలో ఫోను చేసి చెప్పాలి.

"హీటరు చచ్చిందంటే ఇక లాభం లేదత్తయ్యా. ఇంతకంటే పెద్దది పెడదామంటే మన లైను మొయ్యదు. షెడ్డు మూసేసి వెళ్ళిపోతాను. మీరూ నాతో రండి."

"నేనెక్కడికొస్తానే."

"ఇక్కడ ఒక్కరూ ఏం చేస్తారు?"

ఒక్కర్తినా, అని అత్తగారు మనసులో అనుకుంది. కానీ ఆ పూట అన్నం సహించలేదు. తొట్టిలో ఉన్నవాణ్ణి వదిలి రాలేదు. ఈ పిల్ల వెళ్ళిపోతే బతకలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు కరెంటు పనిచేసే మనిషి వచ్చాడు. పదిళ్ళలో షాకులు తిని పదకొండో ఇంట్లో కథలు చెప్పే మనిషి కాబట్టి అందరూ షాకుగారనే పిలుస్తారు. తీగకి మీటరు తగిలించి చూశాడు. మళ్ళీ చూశాడు.

"హీటరు గుర్రంలా ఉందమ్మా. ఆరు కిలోవాట్లూ లాగుతోంది. దీనికి నేను వైద్యం చేస్తే నన్ను చూసి నవ్వుతుంది."

"మరి వేడి ఎటు పోతోంది?" అంది కోడలు.

"నేను కరెంటు వచ్చేదాకా బాధ్యుణ్ణి తల్లీ. వచ్చాక ఎటు పోతుందో దాని ఇష్టం." సామాను సంచిలో సర్దుకుంటూ కన్ను గీటాడు. "లోపల ఎవరో కూర్చుని తాగుతున్నారేమో, మూత తీసి చూసుకోండి."

అత్తగారి చేతిలో గ్లాసు జారి కింద పడింది.

"నీకు హాస్యానికి ఇంకేం దొరకలేదా నాయనా" అంది, పడిన గ్లాసు తీస్తూ. ఆమె గొంతు విని షాకుగారు చెప్పులు వేసుకున్నాడు.

అతను వెళ్ళాక కోడలు తొట్టి చుట్టూ తిరిగింది. గోనెపట్టాలు తడిమింది, ఎక్కడా ఊడలేదు. మూత అంచులు చూసింది, బిగువుగానే ఉన్నాయి. మైనం బస్తాలు చూసింది, ఎప్పుడూ వచ్చేచోటి నుంచే వచ్చాయి. అప్పుడు సుద్దముక్క తీసుకుని షెడ్డు తలుపు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఈ లెక్క ఆమెకు మొగుడే నేర్పాడు. ఇంత తేలిక లెక్కకి అంత ముద్దు దేనికని అప్పట్లో ఆమె వేళాకోళం చేసింది.

"ఏం చేస్తున్నావే?" అంది అత్తగారు పీట మీద నుంచి.

"ఎంత వేడి కావాలో మొదట్నుంచి కడుతున్నాను. కిలో మైనం ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే రెండున్నర కిలోజౌళ్ళు కావాలి. కొత్తది తొంభై కిలోలు, అడుగు మైనం పది. మొత్తం వంద. ఇరవై డిగ్రీల నుంచి అరవైకి తేవాలి. నలభై డిగ్రీలు. అంటే పది వేలు."

తలుపు మీద అంకె పడింది.

"అరవై దగ్గర కరగాలి. అక్కడ కిలోకి రెండు వందలు. ఇరవై వేలు. అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇక్కడే. ఎంత పోసినా ముల్లు కదలదు."

"దొంగ తిండి" అంది అత్తగారు.

కోడలు సుద్ద ఆపి ఆమె వంక ఒకసారి చూసి, మళ్ళీ తలుపు వైపు తిరిగింది. "కరిగాక ఎనభైకి తేవాలి, లేకపోతే అచ్చులో సరిగ్గా పారదు. దానికి ఐదు వేలు. అన్నీ కలిపితే ముప్ఫై ఐదు వేలు. గోడలూ గాలీ ఊరుకోవు కదా, వాటి వాటా ఇంకో ఐదో వంతు. నలభై రెండు వేలు. మన హీటరు సెకనుకి ఆరు కిలోజౌళ్ళు ఇస్తుంది. అంటే ఏడు వేల సెకన్లు. రెండు గంటలకి కాస్త తక్కువ. ఆయన ఉన్నప్పుడు అంతే పట్టేది."

"అంతే పట్టేది."

"ఇప్పుడు మూడు గంటలకి కాస్త తక్కువ." కోడలు తలుపు మీద పక్కన కొత్త వరస మొదలుపెట్టింది. "హీటరు బాగుంది. గోడలు బాగున్నాయి. సరే, వెనక నుంచి కడదాం. పది వేల ఐదు వందల సెకన్లు, సెకనుకి ఆరు. అరవై మూడు వేలు. గోడల వాటా తీసేస్తే యాభై రెండు వేల ఐదు వందలు. వంద కిలోలకి ముప్ఫై ఐదు వేలంటే కిలోకి మూడు వందల యాభై, ఆ చొప్పున భాగిస్తే..."

సుద్దముక్క గీసుకుంటూ పోయి ఆగింది.

"నూట యాభై" అంది కోడలు. "వేడి ఎక్కడికీ పోవట్లేదు. తొట్టిలో మనం వెయ్యనిదేదో ఉంది. యాభై కిలోలు."

యాభై. ఆఖరి వారంలో నర్సు వాణ్ణి బరువు చూసే యంత్రం మీద పట్టుకుని నిలబెట్టి చదివింది అదే అంకె. అప్పుడు కోడలు మందులకి వెళ్ళింది, విన్నది అత్తగారొక్కతే. చెవిలో ఈగ దూరినట్టు ఇన్నాళ్ళూ ఆ అంకె తిరుగుతూనే ఉంది. ఇప్పుడు సుద్దతో తలుపు మీదికి వచ్చి కూర్చుంది.

కోడలు లేచి, మూలనున్న ఇనప కడ్డీ తీసుకుని తొట్టి దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆ రోజు పోత అయిపోయింది. లోపల మిగిలింది ఇంకా వేడిగానే ఉంది. అత్తగారు ఆమెకూ తొట్టికీ మధ్యకి వచ్చింది.

"మూత తియ్యకు."

"ఎందుకు?"

"తియ్యకంటున్నాను కదా."

"అత్తయ్యా, కాస్త తప్పుకోండి."

పెద్దావిడ తప్పుకోలేదు. తొట్టికి వీపు ఆనించి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, పిల్లాణ్ణి కొట్టబోతే అడ్డంపడ్డ తల్లిలా. అంత వెచ్చటి తొట్టి వీపుకి తగులుతున్నా ఆమె అరచెయ్యి చల్లగానే ఉంది. కోడలు ఆమె మొహం చూసి కడ్డీ దించేసింది.

"ఎన్నాళ్ళుగా?" అంది కోడలు.

"వాడు పోయిన దగ్గర్నుంచి. రోజుకో చెంబు. ఇంతయిందని నాకు తెలీదే. నిజంగా తెలీదు. వాడే తాగుతున్నాడనుకున్నాను."

పొద్దుటి దాకా గడ్డకట్టి ఉన్న యాభై కిలోల్ని రోజూ కొత్తగా కరిగిస్తున్నారన్నమాట. దానికోసం కరెంటు, పొద్దు, వత్తమ్మ కోపం అన్నీ ధారపోస్తున్నారు. కోడలు ఆ మాట అంటే సరిపోయేది. అనలేదు.

"ఇందులో వాడిది ఎంత ఉంటుందే?" అంది అత్తగారు. "అన్నిటికీ కట్టావు కదా. వాడు కరిగించింది ఇంకా ఎంత మిగిలుంటుందో అది కూడా కట్టు."

కోడలు తలుపు దగ్గరికి వెళ్ళింది. పది అని వేసింది. కింద గీత గీసింది. గీత కింద ఏదో వెయ్యబోయి, అరచేత్తో రెండూ తుడిచేసింది.

"దానికి లెక్క లేదత్తయ్యా."

అత్తగారు తుడిచిన చోటు వంక చూసింది. ఆమెకు చదువు అంతంత మాత్రమే గానీ ఈ తొట్టితో చాలా ఏళ్ళ కాపురం. ఎర్ర కొవ్వొత్తులు పోసిన మర్నాడు అడుగు మైనం రంగు మీద తెల్లది వేస్తే గులాబీ రంగులో వస్తాయి. ఆ మర్నాడు చెక్కిలి రంగు. ఆపై రోజు, ఎర్రగా ఉందని ముందే తెలిసినవాళ్ళకే కనపడుతుంది. వారం తిరిగేసరికి ఎరుపన్నది ఈ తొట్టి మొహమే చూడనట్టుంటుంది. వాడిదీ అంతే. వాడు పోయిన కొద్ది రోజులకే వాడి మైనం కుళాయిలోంచి దిగి, పెట్టెల్లోకెక్కి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ గదుల్లో వెలిగి ఆరిపోయింది. ఇది ఆమెకు ఇప్పుడు తెలిసింది కాదు. ఎప్పుడూ తెలుసు. తెలిసిందాన్ని తెలియనట్టు మూతపెట్టి ఉంచింది.

లెక్క ఉందని కోడలికీ తెలుసు. అన్నిటికీ అంకె వేసే పిల్ల దీనికి మాత్రం వెయ్యనంది. అదీ పెద్దావిణ్ణి కదిలించింది. అబద్ధం ఆడటం చేతకాని పిల్ల, సుద్ద చేతులతో నిలబడి తనకోసం అబద్ధం ఆడింది.

"నువ్వు వెళ్ళిపోతానన్నది హీటరు కోసం కాదు కదూ" అంది.

కోడలు పాదంతో నేల మీది మైనం చుక్కని గీకింది. "రోజూ పొద్దున్నే మీరు దీంతో మాట్లాడుతుంటే మంచంలో కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. ఒకరోజు బదులు వినపడ్డట్టనిపించింది."

అత్తగారు చటుక్కున తలెత్తింది. "ఏమన్నాడు?"

"ఏమో. మాట తెలీలేదు. భయం వెయ్యలేదు నాకు." ఆమె అరచేతి సుద్ద కొంగుకి తుడుచుకుంది. "మీతోనే మాట్లాడాడు, నాతో ఒక్క మాటా లేదని ఏడుపొచ్చింది. ఆ రోజే అనుకున్నా, ఇక ఇక్కడ ఉండకూడదని."

ఎండ షెడ్డు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వత్తమ్మ వరండాలో కొవ్వొత్తులకి కాగితం చుడుతూ ఏదో గొణుక్కుంటోంది. అత్తగారు తొట్టి దగ్గర నుంచి పక్కకి జరిగింది. జరిగి, మూత తానే ఎత్తింది. మైనం వాసన గుప్పుమంది. మోచేతి లోతున మైనం నిశ్చలంగా, నీళ్ళలా తేటగా ఉంది. వంగి చూస్తే ఆమె మొహం కనపడింది. ఇంకెవరి మొహమూ లేదు. చాలాసేపు వెతికింది.

"అచ్చులు పట్టుకురా" అంది.

కుళాయి తిప్పింది. ఒక అచ్చు, ఇంకో అచ్చు. అచ్చుల బారు నిండిపోతూనే ఉంది. సందడికి వత్తమ్మ లోపలికి వచ్చి నోరు తెరిచింది.

"ఇదేంటి పెద్దమ్మా, తొట్టి ఈనిందా?"

"ఈనింది. పట్టుకో" అంది అత్తగారు, కళ్ళు తుడుచుకోకుండానే.

వత్తమ్మ అచ్చు పట్టుకుంది. నాలుగు వేళ్ళ మందం మిగిలేదాకా తీశారు. కడ్డీ పెట్టి చూసి ఇక చాలని చెప్పింది కోడలు. కుళాయి కట్టాక అత్తగారు చెయ్యి దాని మీద నుంచి వెంటనే తియ్యలేదు.

మర్నాడు తెల్లవారగానే కోడలు కూడా లేచి వచ్చింది. ఇద్దరూ కలిసి తొంభై కిలోలూ వేశారు. స్విచ్చు వేశారు. పీట ఒక్కటే ఉంది. కోడలు మైనం బస్తా మీద కూర్చుంది. ముల్లు బయల్దేరింది, అరవైకి వచ్చింది, నిలబడింది. అత్తగారి పెదవులు కదలబోయి ఆగాయి. కోడలు అది చూసింది.

"అనండి" అంది మెల్లగా. "నేనూ వింటాను."

"ఏం లేదే. అలవాటు."

నిలబడిన ముల్లు ఇద్దరికీ ఎదురుగా ఉంది. అది కదిలితే పెద్దావిడకి భయం, కదలకపోతే చిన్నదానికి భయం. చివరికి కదిలింది. ఎవరి చెయ్యో వదిలించుకున్నంత తేలిగ్గా అరవై దాటి, గబగబా పైకి పోయింది. అంత తొందరేమిటో. ఇన్నాళ్ళూ ఆపి ఉంచినవాళ్ళు ఇక లేరన్నట్టు. అత్తగారు మొహం తిప్పుకుంది.

ఎనభై చేరేసరికి కోడలు చేతి గడియారం చూసుకుంది. రెండు గంటలు దాటి కొన్ని నిమిషాలు.

"లెక్కకంటే కాస్త ఎక్కువే పట్టింది" అంది.

పెద్దావిడ ఇటు తిరగలేదు. "గోడలు తాగుంటాయి."

"గోడలే" అంది కోడలు. కొంచెం ఆగి, "ఇవాళ చలి కూడా ఎక్కువే" అంది.

తర్వాత ఆమె ఫోను పట్టుకుని గుమ్మం బయటికి వెళ్ళింది. అత్తగారు వత్తుల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క అచ్చులో వత్తి దించుతూ చెవులు రిక్కించింది. పొరుగూరి కార్ఖానావాళ్ళతో కోడలు నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడలేదు. "లేదండీ. ఇప్పటికి రావడం లేదు" అంది. ఇంకేదో విని, "చెప్తాను" అని పెట్టేసింది.

ఇప్పటికి. ఆ మాట దగ్గర పెద్దావిడ చేతిలో వత్తి ఆగింది. పోయినవాడి కోసం పడ్డ బెంగకి ఒక అడుగుంది, దిగి దిగి నిన్న సాయంత్రం దాని అడుగు చూసొచ్చింది. ఉన్నదాని కోసం పడే బెంగ ఇప్పుడే అంటుకుంది, దీనికి అడుగెక్కడుందో ఏమో. అడగాలనుకుంది, ఇప్పటికంటే ఎంతవరకని. అడిగితే ఆ పిల్ల సుద్ద తీస్తుందేమో, నిజమే చెబుతుందేమో.

కోడలు లోపలికి వచ్చి పక్కన కూర్చుని, బుట్టలోంచి గుప్పెడు వత్తులు తీసుకుంది.

"విన్నారా?"

"ఏం వినలేదే. ఈ వత్తి వంకరగా దిగుతోంది, కాస్త పట్టుకో" అంది అత్తగారు.

కోడలు పట్టుకుంది. బయట గేటు చప్పుడైంది. వత్తమ్మ వస్తూనే ఇవాళైనా తొట్టి నిద్ర లేచిందా అని వీధంతా వినపడేలా అడుగుతోంది.